మెయిల్ సర్వర్లో కనెక్షన్ల పరిమితి ఎక్కడ పెట్టాలి, ఎంత పెట్టాలి

"యూజర్, ఐపీ కలిపి గరిష్ఠ కనెక్షన్లు దాటాయి, పరిమితి 10" అనే అర్థం వచ్చే లైన్ లాగ్‌లో కనబడగానే చాలామంది చేసే పని ఒకటే. ఆ 10 ని 100 చేస్తారు, ఇంకాస్త భయం ఉంటే 1000 చేస్తారు. ఎర్రర్ పోతుంది, ఫిర్యాదు చేసినాయన మళ్లీ ఫోన్ చేయడు, సమస్య తీరిపోయిందనుకుంటాం. కొన్నాళ్లకు ఒక సోమవారం పొద్దున ఆఫీసులో అందరూ ఒకేసారి లాప్‌టాప్‌లు తెరిచేసరికి సర్వర్ కొత్త కనెక్షన్లే తీసుకోవడం మానేస్తుంది. అప్పుడు ఆ 1000 ని ఎంతసేపు చూసినా ఏమీ అర్థం కాదు, ఎందుకంటే ఈసారి అడ్డుపడింది వేరే చోట ఉన్న వేరే పరిమితి.

మెయిల్ సర్వర్లో పరిమితి ఒక్క చోట ఉండదు. లాగిన్ అయ్యాక ఒకటి, లాగిన్ అవకముందు ఒకటి, మెయిల్ పంపేటప్పుడు ఒకటి, ఫైర్‌వాల్‌లో ఒకటి, ఇలా ఒక్కోటి ఒక్కో లెక్క చూస్తుంది. వీటిలో ఏది ముట్టుకోవాలో తేల్చుకోవడానికే ఈ పోలిక. నేను చెప్పేదంతా లైనక్స్ మీద పోస్ట్‌ఫిక్స్ (మెయిల్ పంపే, తీసుకునే సాఫ్ట్‌వేర్), డవ్‌కాట్ 2.3 (వచ్చిన మెయిల్‌ను యూజర్ల యాప్‌లకు అందించేది) జోడీ గురించి. చిన్న, మధ్యతరహా ఆఫీసుల్లో ఎక్కువగా కనిపించేది అదే. సెట్టింగుల పేర్లు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, కాన్ఫిగ్ ఫైల్లో ఆ మాటల మధ్య ఖాళీలకు బదులు అండర్‌స్కోర్లు ఉంటాయి.

## ఒక్క మనిషికి ఇన్ని కనెక్షన్లు ఎందుకు

ఇది తెలియకపోతే ఏ నంబర్ పెట్టినా గుడ్డిగా పెట్టినట్టే. కొత్త మెయిల్ రాగానే ఫోన్ మోగాలంటే ఐమ్యాప్‌లో (మెయిల్ యాప్ సర్వర్‌తో మాట్లాడే ప్రోటోకాల్) ఐడిల్ అనే ఆదేశం వాడతారు, 1997లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2177 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం లోది. దాని ఇబ్బంది ఏంటంటే, ఒక కనెక్షన్ ఒక ఫోల్డర్‌నే కనిపెట్టుకుని ఉండగలదు. ఇన్‌బాక్స్‌కి ఒకటి, సెంట్‌కి ఒకటి, "బిల్లులు" ఫోల్డర్‌కి ఇంకొకటి, ఇలా మెయిల్ యాప్ విడివిడిగా తెరుస్తుంది. థండర్‌బర్డ్ అయితే ఒక్కో అకౌంట్‌కి గరిష్ఠంగా 5 వరకు పట్టుకుని ఉంటుంది, అది దాని డిఫాల్ట్. ఇప్పుడు ఒక ఉద్యోగి సీట్లో డెస్క్‌టాప్, బ్యాగులో లాప్‌టాప్, జేబులో ఫోన్, మూడూ ఆఫీస్ వైఫైలోనే ఉన్నాయనుకోండి. సర్వర్ బయట వీపీఎస్ (అద్దెకు తీసుకున్న వర్చువల్ సర్వర్) మీద ఉంటే ఆ మూడూ ఒకే పబ్లిక్ ఐపీ నుంచి వచ్చినట్టు కనబడతాయి. ఐదూ ఐదూ పది, ఫోన్‌వి ఇంకో రెండు మూడు. ఆయన తప్పేమీ చేయలేదు, అయినా పరిమితి దాటేశాడు.

దీనికి తోడు చచ్చిపోయిన కనెక్షన్లు. వైఫై ఒక్క క్షణం తెగి మళ్లీ అతుక్కుంటే ఫోన్ కొత్త కనెక్షన్ తెరుస్తుంది, పాతది పోయిన సంగతి సర్వర్‌కి తెలియదు. ఐడిల్‌లో ఉన్న క్లయింట్‌కి డవ్‌కాట్ డిఫాల్ట్‌గా 2 నిమిషాలకోసారి "ఇంకా ఉన్నాను" అని ఒక లైన్ పంపుతుంది. దానికి అవతలి నుంచి జవాబు రాకపోతే లైనక్స్ మళ్లీ మళ్లీ పంపి చూసి, డిఫాల్ట్ సెట్టింగులతో సుమారు 15 నిమిషాల తర్వాత గానీ ఆశ వదులుకోదు. ఆ పావుగంటా ఆ కనెక్షన్ లెక్కలో ఉంటుంది. వైఫై బాగోలేని ఆఫీసుల్లో ఈ ఎర్రర్ ఎక్కువ రావడానికి అసలు కారణం ఇదే. అక్కడ నంబర్ పెంచడం కన్నా రౌటర్ మార్చడం మంచి వైద్యం.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

నాలుగు ప్రశ్నలు వేసుకుంటే చాలు.

మొదటిది, ఈ పరిమితి ఎవరి లెక్క చూస్తుంది? యూజర్‌దా, ఐపీదా, మొత్తం సర్వర్‌దా. రెండోది, పాస్‌వర్డ్ సరిచూడకముందు ఆపుతుందా, చూశాక ఆపుతుందా? చూశాక ఆపేదైతే బయటి నుంచి పాస్‌వర్డ్‌లు ఊహించి కొట్టేవాళ్ల మీద అది పనిచేయదు. మూడోది, నిండినప్పుడు అవతలి మనిషికి ఏం కనబడుతుంది? నాలుగోది, ఒకే ఐపీ వెనక పదుల మంది ఉంటే ఏమవుతుంది?

మూడోదాన్ని అందరూ వదిలేస్తారు, నా లెక్కలో అదే అన్నిటికన్నా ముఖ్యం. ఒక చిన్న గొలుసు చూడండి. డవ్‌కాట్ పరిమితి దాటిందని లాగిన్ నిరాకరిస్తుంది. కొన్ని మెయిల్ యాప్‌లు దాన్ని పాస్‌వర్డ్ తప్పుగా అర్థం చేసుకుని పాస్‌వర్డ్ అడిగే డబ్బా తెరుస్తాయి. యూజర్ కంగారుపడి పాత పాస్‌వర్డ్ కొడతాడు, క్యాప్స్ లాక్‌తో కొడతాడు, ఇంకేదో కొడతాడు. సర్వర్లో ఫెయిల్‌టుబ్యాన్ (తప్పు లాగిన్లు చేసే ఐపీలను అడ్డుకునే ప్రోగ్రామ్) నడుస్తుంటే, దాని డిఫాల్ట్ ప్రకారం 10 నిమిషాల్లో 5 తప్పులు కాగానే ఆ ఐపీని 10 నిమిషాలు బ్లాక్ చేస్తుంది. ఆ ఐపీ ఆఫీసు మొత్తానిది. ఒకాయనకి మొదలైన ఇబ్బంది ఇప్పుడు నలభై మందిది, ఐటీ చూసేవాళ్లకి అసలు టెన్షన్ అప్పుడు మొదలవుతుంది. ఆఫీసుకి స్టాటిక్ ఐపీ ఉంటే ఫెయిల్‌టుబ్యాన్‌లో దాన్ని మినహాయింపు జాబితాలో పెట్టడం ఈ వ్యాసంలో ఉన్న పనులన్నిటిలోకీ సులువైనది, ముందు అది చేసేయండి.

| ఎక్కడ పెట్టే పరిమితి | ఎవరి లెక్క | పాస్‌వర్డ్‌కి ముందా, తర్వాతా | నిండితే కనిపించేది |
|---|---|---|---|
| డవ్‌కాట్ యూజర్+ఐపీ | ఒక యూజర్, ఒక ఐపీ నుంచి | తర్వాత | లాగిన్ నిరాకరణ, ఒక్కోసారి పాస్‌వర్డ్ డబ్బా |
| డవ్‌కాట్ ప్రాసెస్ పరిమితి | మొత్తం సర్వర్ | ముందు | కనెక్షన్ తెగిపోవడం |
| పోస్ట్‌ఫిక్స్ క్లయింట్ పరిమితి | ఒక ఐపీ | ముందు | 421 జవాబు (తర్వాత రమ్మనే తాత్కాలిక ఎర్రర్) |
| పోస్ట్‌స్క్రీన్ (పోస్ట్‌ఫిక్స్ గుమ్మంలో ఉండే వడపోత) | ఒక ఐపీ, 25వ పోర్ట్ మాత్రమే | పాస్‌వర్డ్ ప్రసక్తి లేదు | 421 జవాబు |
| ఫైర్‌వాల్ | ఒక ఐపీ లేదా ఒక నెట్‌వర్క్ | ముందు | డ్రాప్ అయితే మౌనం, రిజెక్ట్ అయితే వెంటనే ఎర్రర్ |

## డవ్‌కాట్‌లో యూజర్+ఐపీ పరిమితి

సెట్టింగ్ పేరు మెయిల్ మ్యాక్స్ యూజర్‌ఐపీ కనెక్షన్స్, డిఫాల్ట్ 10. ఒకే యూజర్ ఒకే ఐపీ నుంచి ఒకే ప్రోటోకాల్‌లో ఎన్ని తెరవొచ్చో ఇది చెబుతుంది. నాట్ (అందరినీ ఒకే పబ్లిక్ ఐపీతో చూపించే పద్ధతి) వెనక ఉన్న ఆఫీసులకి ఇది హాని చేయదు, ఎందుకంటే పక్క సీటు యూజర్ కనెక్షన్లు మన లెక్కలోకి రావు. రౌండ్‌క్యూబ్ లాంటి వెబ్‌మెయిల్ అదే సర్వర్లో ఉంటే దాని కనెక్షన్లు లోకల్ ఐపీ నుంచి వస్తాయి కాబట్టి వాటిది విడి లెక్క.

ఎంత పెట్టాలి? మామూలు ఆఫీసుకి 20, ఒక్కొక్కరి దగ్గర మూడు నాలుగు పరికరాలుంటే 30. అంతకు మించి కావాలన్న యూజర్ కనిపిస్తే నంబర్ పెంచకుండా ఆయన మెషీన్‌నే చూడండి. జీమెయిల్ అంతటిది కూడా ఒక అకౌంట్‌కి ఒకేసారి 15 ఐమ్యాప్ కనెక్షన్లే ఇస్తుంది, అదీ అన్ని చోట్ల నుంచీ కలిపి. దాంతో సరిపెట్టుకుంటున్న యాప్‌లే మన సర్వర్‌కీ వస్తున్నాయి, కాబట్టి 1000 పెట్టడానికి కారణం లేదు.

సర్వర్ ముందు హెచ్ఏప్రాక్సీ లాంటి మధ్యవర్తి సాఫ్ట్‌వేర్ పెట్టినవాళ్లకి ఒక హెచ్చరిక. అసలు ఐపీ డవ్‌కాట్ దాకా చేరేలా ప్రాక్సీ ప్రోటోకాల్ అమర్చకపోతే అందరూ ప్రాక్సీ ఐపీ నుంచే వస్తున్నట్టు కనబడతారు. అప్పుడు ఇంట్లో ఫోన్, ఆఫీసులో డెస్క్‌టాప్ అన్నీ ఒకే లెక్కలో పడి ఇది కేవలం యూజర్ పరిమితిగా మారిపోతుంది. ఫైర్‌వాల్, ఫెయిల్‌టుబ్యాన్ పరిస్థితి ఇంకా ఘోరం, అవి బ్లాక్ చేస్తే ప్రాక్సీనే బ్లాక్ చేస్తాయి.

## డవ్‌కాట్‌లో మొత్తం సామర్థ్యం

సోమవారం పొద్దున సమస్య ఇక్కడిది. డవ్‌కాట్‌లో లాగిన్ పనంతా ఐమ్యాప్ లాగిన్ అనే వేరే సర్వీస్ చూస్తుంది. డిఫాల్ట్‌గా ఒక కనెక్షన్‌కి ఒక ప్రాసెస్, అలాంటివి 100 వరకు. లాగిన్ అవగానే ఆ ప్రాసెస్ ఖాళీ అయిపోతుందని చాలామంది అనుకుంటారు. టీఎల్ఎస్ (ఎన్‌క్రిప్ట్ చేసిన) కనెక్షన్ అయితే ఖాళీ అవదు, ఎన్‌క్రిప్షన్ మోస్తూ కనెక్షన్ ఉన్నంతసేపూ అక్కడే ఉంటుంది. 993 పోర్ట్ వాడే ఆఫీసులో అన్నీ టీఎల్ఎస్ కనెక్షన్లే. అంటే ముప్పై మంది, తలా నాలుగు కనెక్షన్లు అనుకున్నా 120 అయింది, నిండిపోయింది. లాగ్‌లో "ప్రాసెస్ లిమిట్ 100 చేరింది, క్లయింట్ కనెక్షన్లు వదిలేస్తున్నాం" అన్న అర్థంలో ఐమ్యాప్ లాగిన్ పేరుతో హెచ్చరిక వస్తుంది. యూజర్+ఐపీ నంబర్‌ని పదిరెట్లు చేసినా ఈ గోడ కదలదు, పైగా ఒకరిద్దరు యూజర్లే దాన్ని ముందుగా నింపేసే అవకాశం పెరుగుతుంది.

దీనికి రెండు దారులు. ప్రాసెస్ లిమిట్‌ని 100 నుంచి 500 చేయడం ఒకటి. సర్వీస్ కౌంట్‌ని 1 నుంచి 0 చేసి, ప్రాసెస్ మిన్ అవైల్‌ని సీపీయూ కోర్ల సంఖ్యకి సమానంగా పెట్టడం రెండోది, దీన్నే హై పెర్ఫార్మెన్స్ మోడ్ అంటారు. ఇందులో ఒక్కో ప్రాసెస్ డిఫాల్ట్‌గా 1000 క్లయింట్లను మోస్తుంది, ర్యామ్ బాగా తగ్గుతుంది. నష్టం ఏంటంటే, టీఎల్ఎస్ లైబ్రరీలో ఏదైనా లోపం బయటపడితే ఒకే ప్రాసెస్‌లో ఉన్న అందరి కనెక్షన్లూ ఆ ప్రమాదంలో పడతాయి. డిఫాల్ట్ పద్ధతిలో ఒక్కరిదే పడుతుంది. యాభై మంది లోపు ఉండి ర్యామ్‌కి కొరత లేకపోతే నేను మొదటి దారే పడతాను. వందల్లో యూజర్లుంటే మాత్రం రెండోది తప్పదు, దానికి సెక్యూరిటీ అప్‌డేట్లు ఆలస్యం చేయకూడదన్న షరతు జోడించుకోండి.

లాగిన్ దాటాక ఒక్కో కనెక్షన్‌కి ఒక ఐమ్యాప్ ప్రాసెస్ ఉంటుంది, దీని పరిమితి డిఫాల్ట్‌గా 1024. చిన్న వీపీఎస్‌లో ఆ సంఖ్య కన్నా ముందు ర్యామ్ అయిపోతుంది. ఐడిల్‌లో ఊరికే కూర్చున్న ప్రాసెస్‌లను మూసేసి, ఆ కనెక్షన్లన్నిటినీ ఒకే చిన్న ప్రాసెస్‌కి అప్పగించే ఐమ్యాప్ హైబర్నేట్ అనే సౌకర్యం ఉంది. 2.3లో అది డిఫాల్ట్‌గా ఆఫ్. ఆన్ చేయాలంటే సాకెట్ పర్మిషన్లు సరిగ్గా అమర్చుకోవాలి, ఆ కాసేపు తలనొప్పి ఉంటుంది. కానీ కనెక్షన్లలో ఎక్కువ భాగం ఐడిల్‌లోనే ఉండే ఆఫీస్ సర్వర్‌కి ఇంతకన్నా మంచి మార్పు లేదు.

కనెక్షన్లు పెరిగే కొద్దీ బయటపడే ఇంకో పరిమితి కెర్నెల్‌ది. వర్చువల్ యూజర్లందరి మెయిల్‌బాక్స్‌లూ వీమెయిల్ అనే ఒకే లైనక్స్ యూజర్ కింద నడుస్తుంటే, ఆ ఒక్క యూజర్‌కి ఉండే ఐనోటిఫై (ఫైళ్లలో మార్పులను కనిపెట్టే కెర్నెల్ సౌకర్యం) ఇన్‌స్టెన్స్‌లు చాలా సిస్టమ్‌లలో 128 మాత్రమే. అవి అయిపోతే కనెక్షన్లు తెగవు, అందుకే ఎవరూ గమనించరు. కాకపోతే ఐనోటిఫై ఆపేస్తున్నానని డవ్‌కాట్ లాగ్‌లో ఒక లైన్ రాసి, ఆ తర్వాత మెయిల్‌బాక్స్‌ను 30 సెకన్లకోసారి తెరిచి చూసుకునే పద్ధతికి దిగిపోతుంది. "మెయిల్ కాస్త లేటుగా వస్తోంది" అని యూజర్లు అనడం, డిస్క్ మీద భారం పెరగడం ఒకేసారి మొదలైతే ముందు ఈ లైన్ కోసం వెతకండి. కెర్నెల్ సెట్టింగులు మార్చే సిస్‌కంట్రోల్‌లో ఆ సంఖ్యని 1024 దాకా పెంచితే సరిపోతుంది.

## పోస్ట్‌ఫిక్స్ వైపు

పోస్ట్‌ఫిక్స్‌లో డిఫాల్ట్ ప్రాసెస్ లిమిట్ 100, ఒకే ఐపీ ఒకేసారి తెరవగలిగేవి 50, అంటే ఏ ఒక్కరూ సగానికి మించి ఆక్రమించలేరు. ఈ లెక్కను ఆన్విల్ అనే చిన్న ప్రాసెస్ చూస్తుంది. ఇది దుర్వినియోగం ఆపడానికే, సక్రమమైన మెయిల్ రద్దీని నియంత్రించడానికి వాడొద్దని పోస్ట్‌ఫిక్స్ డాక్యుమెంటేషన్‌లోనే స్పష్టంగా ఉంది. ఆ మాటని అలాగే పాటించమని నా సలహా.

పంపే కనెక్షన్లు కొన్ని సెకన్లే ఉంటాయి కాబట్టి నలభై మంది ఆఫీసుకి, యూజర్లు మెయిల్ పంపే 587 పోర్ట్ మీద 50 ఎప్పుడూ దాటదు. దాటించేది సాధారణంగా మనిషి కాదు, సాఫ్ట్‌వేర్. నెలాఖరున జీతాల స్లిప్పులు పంపే ప్రోగ్రామ్ ఒక్కో స్లిప్పుకి ఒక్కో కనెక్షన్ తెరిచిందంటే 421 ఎర్రర్లు మొదలవుతాయి. అప్పుడు ఆ మెషీన్ ఐపీని మైనెట్‌వర్క్స్ అనే, పోస్ట్‌ఫిక్స్ నమ్మే ఐపీల జాబితాలో చేర్చేయడం అందరికీ తట్టే ఉపాయం, ఎందుకంటే మైనెట్‌వర్క్స్‌కి ఈ పరిమితి నుంచి డిఫాల్ట్‌గా మినహాయింపు ఉంది. దయచేసి అలా చేయకండి. మామూలు అమరికలో మైనెట్‌వర్క్స్‌లో ఉన్న మెషీన్ పాస్‌వర్డ్ లేకుండా ఎక్కడికైనా మెయిల్ పంపగలదు, దాంట్లోకి వైరస్ దూరితే మీ సర్వర్ ఐపీ బ్లాక్‌లిస్టులకెక్కుతుంది. మినహాయింపుకి విడిగా ఎస్ఎంటీపీడీ క్లయింట్ ఈవెంట్ లిమిట్ ఎక్సెప్షన్స్ అనే సెట్టింగ్ ఉంది, ఆ ఐపీని అందులో చేర్చండి.

బయటి సర్వర్ల నుంచి మెయిల్ వచ్చే 25వ పోర్ట్ సంగతి వేరు. అక్కడికి వచ్చేవాటిలో స్పామ్ బాట్‌లు బోలెడు, అవి ప్రాసెస్‌లు పట్టుకుని కూర్చుంటే నిజమైన మెయిల్ బయట నిలబడాల్సి వస్తుంది. అన్నీ నిండినప్పుడు పోస్ట్‌ఫిక్స్ తనంతట తానే స్ట్రెస్ మోడ్‌లోకి వెళ్లి, 300 సెకన్ల టైమవుట్‌ని 10 సెకన్లకు తగ్గించుకుంటుంది, చాలాసార్లు అదే గట్టెక్కిస్తుంది. అలాంటివి తరచూ వస్తుంటే పోస్ట్‌స్క్రీన్ పెట్టండి. ఒకే ప్రాసెస్ వందల కనెక్షన్లను గుమ్మంలోనే నిలబెట్టి 6 సెకన్లు ఆగి చూస్తుంది, తన వంతు రాకముందే మాట్లాడేసే బాట్‌లు అక్కడే దొరికిపోతాయి, మిగతావాళ్లనే లోపలికి పంపుతుంది. దీన్ని యూజర్లు మెయిల్ పంపే 587, 465 పోర్ట్‌ల ముందు ఎప్పుడూ పెట్టొద్దు, మీ సొంత యూజర్లే ఇరుక్కుంటారు.

## ఫైర్‌వాల్‌లో కాన్‌లిమిట్

లైనక్స్ ఫైర్‌వాల్ ఐపీటేబుల్స్‌లో దీని పేరు కాన్‌లిమిట్, ఎన్ఎఫ్‌టేబుల్స్‌లో సీటీ కౌంట్. డవ్‌కాట్ దాకా కూడా రానీయకుండా ఆపుతుంది కాబట్టి దాడి జరుగుతున్నప్పుడు దీన్ని మించింది లేదు. మామూలు రోజుల్లో మాత్రం ఇది మొరటు పనిముట్టు, దానికి యూజర్ అంటే ఎవరో తెలియదు. నలభై మంది, తలా ఐదు కనెక్షన్లు, ఒకే పబ్లిక్ ఐపీ, మొత్తం 200. ఎవరో గైడ్‌లో చూసి 993 మీద 50 పెడితే ముందొచ్చిన పది మందికి మెయిల్ నడుస్తుంది, మిగతా ముప్పై మందికి స్క్రీన్ మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది. డ్రాప్ పెడితే లాగ్‌లో ఒక్క ముక్క కూడా ఉండదు, వెతకడానికి ఆధారమే దొరకదు. పెట్టాల్సి వస్తే రిజెక్ట్ పెట్టండి, లాగ్ రూల్ జోడించండి, మీ ఆఫీసు ఐపీలను ముందే అనుమతించండి.

ఐపీవీ6 మర్చిపోకండి, మన దగ్గర మొబైల్ డేటా వాడే ఫోన్లు చాలావరకు దాంతోనే వస్తాయి. అక్కడ ఒక్కో అడ్రస్‌ని లెక్కించడం దండగ. దాడి చేసేవాడి చేతిలో కూడా ఒక మొత్తం /64 (లెక్కలేనన్ని అడ్రస్‌ల గుంపు) ఉంటుంది, అడ్రస్ మార్చుకుంటూ పోతాడు. మాస్క్ 64 పెట్టి లెక్కించండి.

## మీరు ఎవరైతే ఏం చేయాలి

ఇంటివాళ్ల కోసం, మీ సొంత డొమైన్ కోసం చిన్న వీపీఎస్ నడుపుతుంటే యూజర్+ఐపీని 20 చేసి వదిలేయండి. మిగతా డిఫాల్ట్‌లు మీకు ఎక్కువే.

20 నుంచి 60 మంది ఉన్న ఆఫీసైతే యూజర్+ఐపీ 20 లేదా 30, ఐమ్యాప్ లాగిన్ ప్రాసెస్ లిమిట్ 300 నుంచి 500, ఐనోటిఫై 1024, ఫెయిల్‌టుబ్యాన్‌లో ఆఫీస్ ఐపీకి మినహాయింపు. పోస్ట్‌ఫిక్స్ క్లయింట్ పరిమితిని ముట్టుకోవద్దు. ఫైర్‌వాల్ లెక్కలు వద్దు.

కాలేజీ, హోస్టింగ్ కంపెనీ లాంటి చోట వందల్లో యూజర్లుంటే హై పెర్ఫార్మెన్స్ మోడ్, హైబర్నేట్ రెండూ కావాలి, వాటితోపాటు డవ్‌కాట్‌కి సిస్టమ్‌డీలో (లైనక్స్‌లో సర్వీసులను నడిపేది) ఓపెన్ ఫైళ్ల పరిమితి పెంచాలి. క్లయింట్ల సంఖ్య పెంచి ఇది పెంచకపోతే డవ్‌కాట్ స్టార్ట్ అయ్యేటప్పుడే హెచ్చరిస్తుంది. ఇక్కడ యూజర్+ఐపీని 15 దగ్గరే ఉంచండి, ఎందుకంటే ఒక్కరి యాప్ పిచ్చిగా ప్రవర్తిస్తే నష్టపోయేది వందల మంది.

ఇప్పుడే దాడి జరుగుతుంటే ఫైర్‌వాల్ ముందు, మిగతావన్నీ తర్వాత. దాడి తగ్గాక ఆ రూల్ తీసేయడానికి క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి.

ఎవరైనా సరే, మార్చే ముందు డవ్‌అడ్మ్ హూ అనే కమాండ్ కొట్టి చూడండి. ప్రతి యూజర్ పేరు, ఎన్ని కనెక్షన్లు, ఏ ప్రోటోకాల్, ఏ ఐపీలు అన్నీ వరుసగా చూపిస్తుంది. రద్దీ సమయంలో ఒకసారి, మధ్యాహ్నం భోజనాలప్పుడు ఒకసారి తీసి పక్కపక్కన పెట్టుకోండి. అందరికీ మూడు నాలుగు ఉండి ఒక్కరికే ఒకే ఐపీ నుంచి 10 నిండిపోయి ఉంటే అది ఆ యూజర్ మెషీన్ సమస్య. డవ్‌అడ్మ్ కిక్‌తో వాటిని తెంపి, ఆ మెషీన్‌లో సింక్ అయ్యే ఫోల్డర్ల సంఖ్య తగ్గించండి. అందరికీ సమానంగా పెరిగి మొత్తం నిండిపోతుంటే అప్పుడు సామర్థ్యం పెంచాలి.

మెయిల్ బయటికి వెళ్లేటప్పుడు అవతలి సర్వర్ "కనెక్షన్లు ఎక్కువయ్యాయి" అని 421 ఇస్తే పైన చెప్పినవేవీ పనికిరావు. పోస్ట్‌ఫిక్స్ ఒక గమ్యానికి డిఫాల్ట్‌గా 20 కనెక్షన్ల దాకా వెళ్తుంది. ఆ ఒక్క డొమైన్ కోసం మాస్టర్ ఫైల్లో వేరే ట్రాన్స్‌పోర్ట్ (మెయిల్ పంపే దారి) రాసి, దాని కాన్‌కరెన్సీ (ఒకేసారి తెరిచే కనెక్షన్లు) 2 చేసి, ట్రాన్స్‌పోర్ట్ మ్యాప్‌లో ఆ డొమైన్‌ని దానికి తగిలించండి. క్యూలో మెయిల్ కాస్త నెమ్మదిగా కదులుతుంది, మిగతా డొమైన్లకి వెళ్లేది మాత్రం ఎప్పటి వేగంతోనే పోతుంది.